రాకెట్ నట్లు, బోల్టులు టోకున కొనాలంటే

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పదిమంది కలిసి అట్టగొట్టాల రాకెట్లు కడుతున్నారనుకోండి. కొట్టుకు వెళ్లేముందే ఒక్కో రాకెట్‌కు ఏమేం కావాలో రాసుకోండి: రైల్ బటన్లకు (ప్రయోగ పట్టాను పట్టుకుని జారే గుండీలు) ఎం4, అంటే 4 మి.మీ. మందం, బోల్టులు 2, మోటారును పట్టి ఉంచే క్లిప్పులకు మరో 2, ఆ రెండింటికీ కలిపి టీ-నట్లు (ప్లైవుడ్‌లోకి దిగి పట్టుకునేవి) 4, వాషర్లు 4, పారాషూట్ తాడు కట్టడానికి ఐ బోల్టు (తల కన్నులా ఉండేది) 1, తాడు మెలిపడకుండా తిరిగే స్వివెల్ 1, గొట్టం ముక్కలను పట్టి ఉంచి పారాషూట్ బయటికి వచ్చేటప్పుడు తెగిపోయే ఎం2 నైలాన్ పిన్నులు 3. పది రాకెట్లకు 40 బోల్టులు. పోయేవీ పాడయ్యేవీ కలుపుకుంటే 50. పొడవు ఒకటే అయితే వంద ప్యాకెట్ ఒకటి చాలు. కిలో లెక్కన తీసుకోవద్దు, అడుగున వేరే సైజులు కలిసి వస్తాయి. బోల్టు పొడవులు రెండు మించకుండా డిజైన్ సర్దుకోండి, టోకులో అసలు లాభం అక్కడే.

పాత కొట్లలో కొలతలు ఇంకా సూత్‌లలోనే నడుస్తాయి. 8 సూత్‌లు ఒక అంగుళం. చిక్కంతా 5/32 అంగుళం బోల్టుతోనే. దాని మందం 3.97 మి.మీ., అంటే కంటికి ఎం4కీ దానికీ తేడా కనబడదు. మర మాత్రం వేరు: ఎం4కు చుట్టుకు 0.7 మి.మీ., దీనికి దాదాపు 0.8. నట్టు రెండు మూడు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. స్పానర్‌తో లాగితే టీ-నట్టు ప్లైవుడ్‌లో పట్టు వదిలేసి బోల్టుతోపాటు తిరుగుతుంది. అప్పటికే గొట్టం లోపల అతికించేసి ఉంటారు కాబట్టి చేయి పెట్టే దారి ఉండదు. అందుకే సరైన ఎం4 నట్టొకటి జేబులో వేసుకెళ్లి, ప్యాకెట్‌లో నాలుగైదు బోల్టులకు వేళ్లతోనే చివరిదాకా తిప్పి చూడండి.

నల్ల అలెన్ బోల్టులు చూడ్డానికి బాగుంటాయి గానీ సముద్రపు గాలికీ, పారాషూట్‌ను తోసే తుపాకిమందు మసికీ త్వరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ తీసుకోండి. తోక వైపు అవసరానికి మించిన పొడవు బోల్టు పెట్టొద్దు. ఆ బరువుకు గరిమనాభి వెనక్కి జరిగి రాకెట్ వంకర తిరుగుతుంది.

ఐ బోల్టులు, స్వివెల్‌లు మాత్రం గుత్తగా తీసుకోకుండా ఒక్కొక్కటీ చూసి ఏరుకోండి. తీగను వంచి వదిలేసిన కన్ను పారాషూట్ కుదుపుకు విచ్చుకుంటుంది; అతుకు వేసిందే కావాలి. స్వివెల్ గాలం సామాను కొట్లో దొరుకుతుంది. అక్కడ నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, 10 కంటే 4 పెద్దది.

నైలాన్ పిన్నులది వేరే తంతు. నైలాన్ గాలిలో తేమ పీలుస్తుంది: వానాకాలంలో మెత్తబడి సాగుతుంది, ఎండితే పెళుసవుతుంది. తెగే బలం దాంతోపాటే మారుతుంది. సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో ఉంచి, ఒక రాకెట్‌కు ఒకే ప్యాకెట్ పిన్నులు వాడండి. ప్యాకెట్ మారితే నేలమీద, దూరం నుంచి, ఎజెక్షన్ పరీక్ష (మందు పేల్చి పారాషూట్ బయటికి వస్తుందో లేదో చూడడం) మళ్లీ చేయాల్సిందే.