కనెక్షన్ స్ట్రిప్ చిన్నది చేయాలా? ముందు టూల్ కొలవండి

టెలిఫోన్ లైన్ల కనెక్షన్ స్ట్రిప్‌ను చిన్నదిగా చేయమంటే చాలామంది వెంటనే కాంటాక్టుల (వైరును పట్టే చీలిక ఉన్న లోహపు ముక్కల) మధ్య దూరం తగ్గిస్తారు. దానికంటే ముందు, వైరును ఆ చీలికలోకి నొక్కే పంచ్ టూల్ ముక్కు వెడల్పు కొలవండి. పక్క వైరుకు తగలకుండా ఆ ముక్కు దిగాలి. డ్రాయింగ్‌లో ఎంత ముద్దుగా ఉన్నా, టూల్ దిగని స్ట్రిప్ ఎవరికీ పనికిరాదు.

చోటు కలిసిరావాలంటే కాంటాక్టును వైరుకు అడ్డంగా కాకుండా 45 డిగ్రీల వాలులో పెట్టండి. క్రోన్ అనే కంపెనీ తరహా 10 జతల స్ట్రిప్‌లో ఉన్నది ఇదే. వైరు ఇన్సులేషన్ ఒలవక్కర్లేదు. చీలికలోకి నొక్కగానే రెండు అంచులూ ప్లాస్టిక్‌ను కోసి రాగిని పట్టుకుంటాయి. వాలు వల్ల ఆ అంచులు కాస్త మెలితిరిగి, స్ప్రింగులా బిగువు వదలకుండా ఉంటాయి. అయితే కాంటాక్టుకు రెండు వైపులా ప్లాస్టిక్ గాడి కూడా వైరును పట్టాలి, లేదంటే లాగిన ప్రతిసారీ భారం రాగి మీదే పడుతుంది.

జతలోని రెండు తీగలు దగ్గరగా, జతకూ జతకూ మధ్య ఎడం కాస్త ఎక్కువగా ఉంచండి. క్రాస్‌టాక్, అంటే ఒక లైన్ మాట పక్క లైన్‌లో వినిపించడం, తగ్గుతుంది.

శాంపిల్ వచ్చాక ఒక చిన్న పరీక్ష: 0.65 మిల్లీమీటర్ల వైరు నొక్కి, తీసేసి, అదే చీలికలో 0.4 వైరు పెట్టి మెల్లగా లాగండి. ఊడి చేతికొస్తే అంచులు తెరుచుకుపోయినట్టే, మెటల్ మందం మళ్లీ చూసుకోవాలి.