గేట్‌వేకి నెట్ కేబుల్ పెట్టే ముందు

విజయనగరంలో లాడ్జీ అయినా, పలాసలో జీడిపప్పు షాపు అయినా, నెట్ ఫోన్ గేట్‌వే (ఆఫీసు ఫోన్లను ఇంటర్నెట్ ద్వారా కలిపే పెట్టె) బిగించే ముందు ఇవి చూసుకోండి. మన చిన్న ఆఫీసు జోలికి ఎవరొస్తారులే అనుకోవద్దు. 5060 పోర్టు (నెట్ ఫోన్ కాల్స్ వచ్చే ద్వారం) తెరిచి ఉన్న పెట్టెల కోసం దొంగల ప్రోగ్రాములు రాత్రీపగలూ నెట్‌ని జల్లెడ పడుతూనే ఉంటాయి.

• అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాకే కేబుల్ పెట్టండి. ఎక్స్‌టెన్షన్ (ఆఫీసు లోపలి ఫోన్ నంబర్) 101కి పాస్‌వర్డ్ కూడా 101 అని ఉంచుతారు చాలామంది. దొంగ మొదట కొట్టి చూసేది అదే.

• ఐఎస్‌డీ అక్కర్లేకపోతే 00తో మొదలయ్యే నంబర్లన్నీ డయల్ ప్లాన్‌లోనే (ఏ నంబర్లకు కాల్ పోవాలో చెప్పే గేట్‌వే సెట్టింగ్) ఆపేయండి. కువైట్‌లో ఉన్న కొడుకుతో ఓనరు మాట్లాడాలంటారా, 00965 ఒక్కటే వదలండి. దొంగలు మన లైన్ మీద విదేశాలకు చేసే కాల్స్ ఎక్కువగా సెలవు రోజుల్లో, అర్ధరాత్రి పోతాయి. ఆఫీసు తెరిచేసరికి బిల్లు చూస్తే గుండె గుభేల్‌మంటుంది. అందుకే ప్రొవైడర్‌తో చెప్పి రోజుకింత అని లిమిట్ పెట్టించండి.

• ఫైర్‌వాల్‌లో (నెట్ నుంచి వచ్చేవాటిని వడకట్టే కాపలా) ప్రొవైడర్ ఐపీకి, అంటే వాళ్ళ నెట్ అడ్రస్‌కి మాత్రమే దారి. సెట్టింగుల పేజీ బయటి నెట్‌కి కనబడనే కూడదు.

• ఫర్మ్‌వేర్ (గేట్‌వే లోపల నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి.

• సిమ్‌లు పెట్టి విదేశీ కాల్స్ లోకల్‌గా మళ్ళిస్తే నెలనెలా డబ్బులిస్తామని ఎవరైనా వస్తే దండం పెట్టి పంపేయండి, అది నేరం. డబ్బు పోయిందనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గేట్‌వే నుంచి కాదు, మొబైల్ నుంచి.