ఇది శతకమా, శతకాల గురించా?

పోయిన డిసెంబరులో ఒక ఇంటర్ అమ్మాయి వచ్చి, "పద్యాల పోటీ ఉంది మేడం, శతకాలు కావాలి" అంది. మా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో 'శతకాలు' అని కొట్టాను. వచ్చినవన్నీ పరిశోధన గ్రంథాలే. ర్యాకులో పాతిక దాకా శతకాలున్నాయి, తెర మీద ఒక్కటీ లేదు. తప్పు నాదే. వాటన్నిటికీ సబ్జెక్టు 'తెలుగు కవిత్వం' అని పెట్టేసి ఊరుకున్నాను.

పుస్తకాల వివరాలను కంప్యూటర్లో నంబర్ల గళ్లుగా (ఫీల్డులుగా) రాసే పద్ధతి మార్క్. అందులో 650 ఫీల్డు పుస్తకం దేని గురించో చెబుతుంది. అసలు ఆ పుస్తకం ఏమిటో చెప్పేది 655. కన్యాశుల్కం ప్రతికి 655లో నాటకం. దాని మీద వచ్చిన విమర్శ గ్రంథానికి 655లో సాహిత్య విమర్శ. ఆ విమర్శ గ్రంథం రికార్డులో కన్యాశుల్కం పేరు రచయిత పేరుతో కలిపి, ఎవరి గురించో చెప్పే 600లోకి పోతుంది.

దాశరథి శతకం తీసుకోండి. ఏ పేజీ తిప్పినా పద్యం చివర 'దాశరథీ కరుణాపయోనిధీ' అని మకుటం కనిపిస్తుంది. ఇంక అనుమానం లేదు, 655లో 'శతకాలు'. కింద తాత్పర్యాలు వేసినా అది శతకమే. రాముడు సబ్జెక్టులోకి వెళ్తాడు.

పదం ఎక్కణ్ణుంచి తెచ్చామో కూడా చెప్పాలి. కథలు, నవలలు, నాటకాలు, వ్యాసాల్లాంటి వాటికి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాలో పదాలున్నాయి. అందులోంచి తీసుకుంటే రెండో ఇండికేటర్ (ఫీల్డు నంబరు పక్కన వచ్చే గుర్తు) 7, సబ్‌ఫీల్డు (ఫీల్డు లోపలి చిన్న గడి) 2లో ఆ జాబితా పొట్టిపేరు ఎల్‌సీజీఎఫ్‌టీ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. శతకం, బుర్రకథ, హరికథ లాంటివాటికి మన మాటే పెట్టుకుని, అదే 7 ఉంచి, సబ్‌ఫీల్డు 2లో 'లోకల్' అని ఇంగ్లిష్‌లో రాస్తాను. దగ్గరగా ఉందని ఏదో ఇంగ్లిష్ పదం తగిలిస్తే బుర్రకథ కోసం వచ్చినవాళ్లకు అది దొరికేదెలా?

అన్నిటికన్నా విసిగించేది స్పెల్లింగు. నేనొక రోజు 'శతకము', ఇంకో రోజు 'శతకం', మా అసిస్టెంట్ 'శతకాలు'. చివరికి అథారిటీ రికార్డు (ఒక పదాన్ని ఏ రూపంలో వాడాలో తేల్చే రికార్డు) చేసి, వాడే రూపం ఉండే 155లో 'శతకాలు' ఖాయం చేశాను, మిగతా రెండూ వాడని రూపాలుండే 455లో. ఇప్పుడు 655లో టైపు చేయనివ్వను, అథారిటీలోంచి ఎంచుకోవాల్సిందే.

పాతిక రికార్డులకు రెండు మధ్యాహ్నాలు పట్టింది. మకుటం లేని వంద పద్యాల పుస్తకం ఒకటి మిగిలింది. అట్ట మీద శతకం అనే ఉంది కాబట్టి 'శతకాలు' కిందే పెట్టాను. మా తెలుగు మాస్టారు ఇంకా ఒప్పుకోలేదు.