ఆఫీసు అద్దె మాట్లాడే ముందు టేపు పెట్టి చూడండి
హనుమకొండలో నక్కలగుట్ట, సుబేదారి వైపు ఆఫీసు గది వెతికేవాళ్లకు ఒక మాట. ఓనర్ చెప్పే చదరపు అడుగుల్లో చాలాసార్లు మెట్లు, వరండా, గోడల మందం కూడా కలిసే ఉంటాయి. మనం టేబుళ్లు వేసుకునేది లోపలే కదా! అందుకే 5 మీటర్ల టేపు తీసుకెళ్లి, లోపల గోడ నుంచి గోడకు పొడవు, వెడల్పు అడుగుల్లో కొలిచి గుణించండి. నెల అద్దె, మెయింటెనెన్స్ కలిపి ఆ అంకెతో భాగించండి.

600 అడుగులని చెప్పిన గది లోపల 22 బై 20, అంటే 440 మాత్రమే వచ్చిందనుకోండి. మొత్తం 12,000 అయితే అడుగుకు పడేది 20 కాదు, 27 రూపాయల పైనే. బేరమాడేటప్పుడు ఈ లెక్కే ఓనర్ ముందు పెట్టండి.

గది వంకరగా ఉన్నా, మధ్యలో పిల్లర్లున్నా ఇది తప్పుతుంది. అప్పుడు ముక్కలుగా కొలిచి, పిల్లర్ల జాగా తీసేయాలి.