టెన్ మీటర్ ఎయిర్ రైఫిల్ కొత్తగా మొదలుపెడతా ఉన్నారా? తిరుపతిలో ఉండేవాళ్ళు ముందు ఏం కొనాలో చెప్తా

రైఫిల్ అంటే ఇష్టం ఉన్న కుర్రోళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది, ఇంట్లోనే తూటాలు రీలోడ్ చేసుకోవచ్చా అన్నా (అంటే కాల్చేసిన ఖాళీ తూటాలో మళ్ళీ మందు, గుండు నింపడం), ఆ మిషను యాడ దొరుకుతాది అని. బయటి దేశాల వీడియోలు చూసి పుట్టిన ఆశ అది. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం, జైలుకి పోయే కేసు, కాబట్టి దాని జోలికి పోవద్దు. గురి నేర్చుకోవాలంటే టెన్ మీటర్ ఎయిర్ రైఫిల్ ఉంది కదా, అంటే గాలి ఒత్తిడితో గుండు పోయే గన్నుతో పది మీటర్ల దూరంలోని టార్గెట్‌ని కొట్టే ఆట, 2008 ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా బంగారం, 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు గెలిచింది దీంట్లోనే. గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళాలు అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, పవర్ 20 జౌళ్ళు దాటకుండా ఉంటే లైసెన్సు కూడా అక్కర్లేదు. కొనేటప్పుడు మాత్రం బిల్లు, గుర్తింపు కార్డు కాపీ దగ్గర పెట్టుకోండి.

నేను మొదట చేసిన తప్పు చెప్తా. మా అక్క కొడుకు కోసం చెన్నై పోయి ఒక షాపులో అడిగితే, ఇది శానా పవర్ సార్, ఫుల్ స్పీడ్ అని స్ప్రింగు గన్ను ఒకటి చేతిలో పెట్టినాడు, నేనూ నమ్మి తెచ్చేసినా. వాడు మూడు నెలలు కష్టపడినా గుండ్లు పేపరు మీద చెల్లాచెదురుగానే పడతా ఉన్నాయి. తర్వాత తెలిసింది, స్ప్రింగు గన్నులో గుండు గొట్టం దాటకముందే లోపల పిస్టను పోయి గుద్దుకుంటాది, గన్ను ముందుకీ వెనక్కీ ఊగుతాది, పట్టుకునే తీరు కాస్త మారినా గుండు ఇంకో చోట పడతాది. పిల్లోడి తప్పు ఏమీ లేదు. టెన్ మీటర్లకి స్పీడుతో పని లేదండీ, ఒలింపిక్ రైఫిల్లో కూడా గుండు సెకనుకి సుమారు 170 మీటర్లే పోతాది. టార్గెట్ మొత్తం వెడల్పు 45.5 మిల్లీమీటర్లు, నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. దాని మీదికి ప్రతిసారీ ఒకే మాదిరిగా పోవాలి, అంతే కావాల్సింది. అందుకే చేతనైతే పీసీపీ తీసుకోండి, అంటే సిలిండర్లో గాలి నింపుకునే రకం. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్ లాంటివి లక్షల్లో ఉంటాయి, మొదట్లో అవి అక్కర్లేదు. ప్రెసిహోల్ లాంటి మన దేశం కంపెనీల మ్యాచ్ రైఫిళ్ళు, అంటే పోటీలకి వాడేవి, ఉన్నాయి, వాటితో మొదలుపెట్టొచ్చు. అంతకన్నా ముందు, ఏదైనా రేంజిలో, అంటే షూటింగ్ నేర్పే చోట, ఒక నెల క్లబ్బు గన్నుతో కాల్చి చూడండి, ఇష్టం నిలబడతాదో లేదో అప్పుడే తెలుస్తాది.

గన్ను ఒంటికి సరిపోవడం అన్నిటికన్నా ముఖ్యం, షాపులో దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఇట్లా చూసుకోండి. కాళ్ళు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడి, కళ్ళు మూసుకుని గన్ను భుజానికి ఎత్తి, చెంప ఆనించి, రెండు మూడు ఊపిర్లు తీసుకుని కళ్ళు తెరవండి. మెడ వంచకుండా, చెంప కదపకుండా వెనక సైటు (గురి చూసే భాగం) చిల్లు నేరుగా కంటికి ఎదురుగా ఉంటే సరిపోయినట్టు. తల వంచి వెతుక్కోవాల్సి వస్తే చెంప ఆనించే చెంపపీట, భుజానికి ఆనే బట్ ప్లేటు పైకో కిందికో జరగాలి, అవి జరగని గన్ను పెరిగే పిల్లలకి కొనొద్దు. రూల్ ప్రకారం రైఫిల్ బరువు 5.5 కిలోల దాకా ఉండొచ్చు, అట్లని పదకొండేళ్ళ పిల్లకి అంత బరువు ఇస్తే నడుం నొప్పి వస్తాది. నాలుగు కిలోల లోపలది చూడండి.

గుండ్ల దగ్గర కక్కుర్తి పడొద్దు. సూది మూతి గుండ్లు ఊర్లో ఈజీగా దొరుకుతాయి, మనకి అవి కాదు, చదును మూతివి కావాలి. అవి పేపర్ని గుండ్రంగా, పంచింగ్ మిషను కొట్టినట్టు కోస్తాయి, పాయింట్లు లెక్కపెట్టడానికి తేడా రాదు. హెచ్ అండ్ ఎన్, ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీల మ్యాచ్ గుండ్ల డబ్బాలు దొరుకుతాయి, డబ్బా మీద 4.49 అనో 4.50 అనో తల సైజు రాసుంటాది. ఏది మీ గొట్టానికి నప్పుతాదో చెప్పేది గొట్టమే. మా ఇంట్లో పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి ఇసక నింపి కుట్టినాం, ఆ మూట మీద గన్ను ఆనించి, ఒక్కో సైజు ఐదైదు కాల్చి, కన్నాలు ఎంత దగ్గరగా పడినాయో స్కేలుతో కొలుస్తాం. ఒక సైజుతో ఐదూ కలిసి ఒకే కన్నం మాదిరి అయినాయి, ఇంకో సైజుతో చిక్కుడు గింజంత వెడల్పు వచ్చింది. గన్ను అదే, మూట అదే. గుండు వెనక అంచు లంగా మాదిరి పల్చగా ఉంటాది, కొంచెం నొక్కుకున్నా పనికిరాదు, గాజుపలక మీద దొర్లించి సొట్ట ఉన్నవి తీసేయండి.

గాలి విషయం ప్రాణాలతో పని. మ్యాచ్ రైఫిల్ సిలిండర్లో సాధారణంగా 200 బార్ ఒత్తిడి దాకా గాలి నింపుతారు. హ్యాండ్ పంపు చాలు, కాకపోతే చెమట పడతాది. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ నింపించుకుందాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, ఆక్సిజన్‌కి నూనె తగిలితే పేలిపోతాది. అల్యూమినియం సిలిండరు మీద తేదీ ఉంటాది, పదేళ్ళు దాటింది సెకండ్ హ్యాండులో చవగ్గా వచ్చినా తీసుకోవద్దు.

గొట్టం చివర ఉండే ముందు సైటులో, టార్గెట్ నల్ల చుక్కని చూసే రింగు మరీ ఇరుకుగా పెట్టుకుంటే కన్ను అక్కడే ఇరుక్కుపోయి ట్రిగ్గర్ లాగలేరు, కొత్తలో 4 మిల్లీమీటర్లు, ఇంకొంచెం పెద్దదైనా మంచిదే. జాకెట్, ప్యాంటు మొదటి మూడు నెలలు కొననే వద్దు, పాదం చదునుగా ఉండే బూట్లు చాలు. తర్వాత కొలతలు ఇచ్చి కుట్టించుకోండి, గుడ్డ మందం 2.5 మిల్లీమీటర్లు దాటితే మ్యాచ్‌లో ఒప్పుకోరు. మే నెలలో మన ఎండకి జాకెట్ వేసుకుని కాల్చాలంటే పొద్దున ఆరుకే మొదలుపెట్టాలి.

మిద్దె మీద కాల్చేవాళ్ళు గుండు పోయి ఆగే పెట్టె ముందు చేయించండి, గన్ను తర్వాతే. లోపల ఇనప రేకు కిందికి వాలుగా పెట్టించాలి, దాని ముందు అట్టలు. మేము మొదట్లో గ్రానైట్ ముక్క నిలబెట్టినాం, గుండు తిరిగొచ్చి నా మోచేతికి తగిలింది, అదే కంటికి తగిలుంటే? అప్పటినుంచి అందరికీ కళ్ళద్దాలు తప్పనిసరి. పెట్టె వెనక గోడ ఉండాలి, పక్కింటి మిద్దె కాదు. గన్ను పక్కన పెట్టినప్పుడల్లా బుట్టలు అల్లే వైరు, సన్నది, రంగు కొట్టొచ్చినట్టు కనపడేది గొట్టం ఈ చివర నుంచి ఆ చివర దాకా దూర్చి పెట్టండి. లోపల గుండు లేదని దూరం నుంచే తెలుస్తాది.

గన్నుతో పిట్టల జోలికి, కుక్కల జోలికి పోవద్దు. శేషాచలం అడవిలోకి అసలు తీసుకుపోవద్దు, అది నేషనల్ పార్కు, కేసు అయితే విడిపించేవాళ్ళు ఉండరు. రేంజి నుంచి వస్తా అట్లే కొండకి పోదాం అనుకుంటే ముందు ఇంటికి పోయి గన్ను బీరువాలో పెట్టి తాళం వేసి రండి, అలిపిరిలో బండి మొత్తం చెక్ చేస్తారు.

గుండ్లు సీసంతో చేసినవి కదా, నోట్లో పెట్టుకుని లోడ్ చేసే అలవాటు కొందరు పిల్లలకి ఉంటాది, మొదటి రోజే మాన్పించండి. కాల్చడం అయినాక సబ్బుతో చేతులు కడిగించిన తర్వాతే తినడానికి ఏదైనా ఇవ్వండి, పెట్టెలో పోగైన సీసం కూడా చేతులతో ఎత్తకుండా చేటలోకి వంచి, మూత ఉన్న డబ్బాలో వేసి పిల్లలకి అందకుండా పెట్టండి.