ఒప్పందం చదవడం నేర్చుకుందాం – పాఠం 4: రెండు భాషల కాగితం

ముందు పోయిన పాఠం అభ్యాసం. అమెరికా ప్రభుత్వానికీ అక్కడి మూలవాసులైన సూ తెగకూ మధ్య కుదిరిన 1868 నాటి ఫోర్ట్ లారమీ ఒప్పందంలో, తెగకు దక్కిన భూమిని ముందుముందు వదులుకోవాలంటే ఎవరి అంగీకారం కావాలో చెప్పే షరతును వెతకమన్నాను. అది 12వ అధికరణలో ఉంది: తెగలోని వయోజన పురుషుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది సంతకం చేయాలి. 1877లో ఆ భూమిలోని బ్లాక్ హిల్స్ కొండలను అమెరికా తీసేసుకునే నాటికి సంతకం చేసినవారు సుమారు పదో వంతు. షరతు దొరకనివాళ్లు బహుశా పత్రాన్ని సగంలో ఆపేసి ఉంటారు. ఒప్పందాల్లో పదునైన మాటలు చాలాసార్లు చివరి అధికరణల్లోనే దాక్కుంటాయి.

ఈసారి పత్రం చాలా చిన్నది. న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీల పెద్దలకూ బ్రిటిష్ రాణికీ మధ్య 1840లో కుదిరిన వైతాంగీ ఒప్పందం. ఉన్నవి మూడే అధికరణలు. అయినా నూట ఎనభై ఏళ్లు దాటినా దాని మీద తగవు తెగలేదు. కారణం, అది రెండు భాషల్లో ఉంది.

ఒక తెల్లకాగితం తీసుకుని నడిమధ్య నిలువుగా గీత గీయండి. ఎడమవైపు 'ఇంగ్లిష్', కుడివైపు 'మావోరీ' అని రాయండి. అధికరణల జోలికి వెళ్లకముందు ప్రతి గడి తలమీద ఆ భాషా పాఠం మీద ఎంతమంది సంతకం చేశారో వేయండి. సంతకం చేసిన పెద్దలు మొత్తం 500 పైచిలుకు. ఇంగ్లిష్ కాగితం మీద చేసినవారు 39 మంది. మిగతా అందరూ మావోరీ పాఠం మీదే. ఈ రెండు అంకెలూ వేశాక, 'అసలు ఒప్పందం' అంటూ ఇంగ్లిష్ పాఠాన్ని చూపేవారి మాట మీ చెవికి కాస్త వేరుగా వినిపిస్తుంది. మనమూ బ్యాంకు రుణం కాగితాల మీద చదవకుండా సంతకం చేసేవాళ్లమే. అయితే అక్కడ చదవకపోవడం మన బద్ధకం. వైతాంగీలో పెద్దలు తమ భాషలో ఉన్నదాన్ని విని, వాదించి, ఆ తర్వాతే గుర్తు పెట్టారు.

ఇక అనువాదం ఎవరు, ఎప్పుడు చేశారో పక్కన రాసుకోండి. రాణి తరఫున వచ్చిన అధికారి హాబ్సన్ తెచ్చిన ఇంగ్లిష్ ముసాయిదాను ఫిబ్రవరి 4 సాయంత్రం మిషనరీ హెన్రీ విలియమ్స్ చేతిలో పెట్టారు. ఆయనా కొడుకు ఎడ్వర్డూ కూర్చుని రాత్రికి రాత్రే మావోరీలోకి మార్చారు. 5న సభలో చర్చ, 6న సంతకాలు. తొలి గుర్తు హోనే హేకే అనే మావోరీ పెద్దది. ఒక దేశం భవిష్యత్తును నిర్ణయించే అనువాదానికి దొరికిన గడువు ఒక్క రాత్రి!

ఇప్పుడు నామవాచకాలు. క్రియలు ప్రస్తుతానికి వదిలేయండి. అధికారం ఎప్పుడూ నామవాచకాల్లోనే చేతులు మారుతుంది.

మొదటి అధికరణ. ఎడమవైపు: పెద్దలు సార్వభౌమాధికారపు హక్కులన్నీ రాణికి వదులుకుంటున్నారు. కుడివైపు: 'కావనాతంగ' ఇస్తున్నారు. ఈ మాటను విప్పి చూడండి. 'కావన' అంటే 'గవర్నరు' అనే మాట మావోరీ నోట మారిన రూపం. 'తంగ' ప్రత్యయం. మనకు 'తనం' ఉన్నట్టే వాళ్లకు 'తంగ'. ఈ పోలిక కాకతాళీయమే, భాషా బంధుత్వాలు వెతకొద్దు. గుర్తుంచుకోవడానికి మాత్రం ఇంతకన్నా మంచి ఊత దొరకదు: కావనాతంగ అంటే గవర్నరుతనం. కంపెనీ కాలంలో మనవాళ్లు సర్కారును 'దొరతనంవారు' అన్నారు కదా, దాదాపు అలాంటి మాటే. మావోరీలకు ఈ 'కావన' బైబిలు అనువాదంలో పొంతి పిలాతుకు వాడిన మాటగానూ తెలుసు. పిలాతు రాజు కాడు, రాజు పంపిన అధికారి.

రెండో అధికరణ. ఎడమవైపు: భూములు, అడవులు, చేపలవేటలు, ఇతర ఆస్తులు నిరాటంకంగా వారి స్వాధీనంలోనే ఉంటాయి. కుడివైపు: భూములు, ఊళ్లు, 'తాఓంగ' అన్నిటి మీదా 'తినో రంగతిరాతంగ' వారిదే. రంగతిర అంటే తెగ పెద్ద. దానికి 'తంగ' చేరిస్తే పెద్దరికం. 'తినో' చేరితే సంపూర్ణమైన పెద్దరికం. 'తాఓంగ' అంటే అపురూపమైనది ఏదైనా, భాషతో సహా. ఎడమ గడిలో ఉన్నది ఆస్తి హక్కు, కుడి గడిలో ఉన్నది అధికారం. మూడో అధికరణ బ్రిటిష్ ప్రజల హక్కులే మావోరీలకూ ఉంటాయంటుంది. అక్కడ పేచీ తక్కువ.

ఇక్కడ ఆగి ఒక పరీక్ష పెట్టాలి. అనువాదకుడికి వేరే మాట తెలియకనే ఇలా రాశాడా? ఇది తేల్చడానికి అదే చేయి రాసిన మరో పత్రం కావాలి. ఉంది కూడా. మావోరీ పెద్దలు చేసిన 1835 నాటి స్వాతంత్ర్య ప్రకటన మావోరీ పాఠంలోనూ విలియమ్స్ చేయి ఉంది. అందులో సార్వభౌమాధికారానికి 'కింగితంగ', 'మన' అన్న మాటలు వాడారు. (ఇది మన 'మన' కాదు, తరతరాల గౌరవం, శక్తి, అధికారం కలగలిసిన మాట.) స్వాతంత్ర్యానికి వాడిన మాట రంగతిరాతంగ. అయిదేళ్ల తర్వాత 'మన' ఇచ్చేయమని రాసి ఉంటే ఎందరు సంతకం చేసేవారు? ఉద్దేశపూర్వకంగా తప్పించారో, తొందరలో తేలిక మాట వెతుక్కున్నారో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. నా మటుకు నాకు ఉద్దేశం కన్నా ఫలితమే ముఖ్యం.

సంతకం చేసినవారి నోటి మాట కూడా కాగితం అంచున రాసుకోండి. కైతాయా అనే ఊళ్లో నోపెరా పానాకరేఆవో అనే పెద్ద, భూమి నీడే రాణికి వెళ్తుంది, అసలు భూమి మనదే అన్నాడు. ఏడాదికల్లా మాట తిరగేశాడు: అసలుది వెళ్లిపోయింది, మిగిలింది నీడే.

పెద్దలు సార్వభౌమాధికారం వదులుకున్నారనే ఎదుటి పక్షాన్నీ నిజాయితీగా రాయాలి. 1860లో కోహిమారామా సభలో కూడిన పెద్దలు రాణి సార్వభౌమాధికారాన్ని గుర్తించినట్టు తీర్మానించారని వారు చూపుతారు. అయితే 2014లో, ఒప్పంద ఉల్లంఘనల మీద మావోరీల ఫిర్యాదులు విచారించే వైతాంగీ ట్రిబ్యునల్, 1840 ఫిబ్రవరిలో సంతకం చేసిన పెద్దలు సార్వభౌమత్వాన్ని వదులుకోలేదని తేల్చింది. ఒప్పంద సూత్రాలను చట్టంతో కొత్తగా నిర్వచించాలని ఏసీటీ పార్టీ నాయకుడు డేవిడ్ సీమోర్ తెచ్చిన బిల్లు 2025 ఏప్రిల్ 10న 112–11 ఓట్లతో పార్లమెంటులో వీగిపోయింది.

ప్రాతినిధ్యం సంగతి ఒప్పందంలో ఎక్కడుంది? వెతక్కండి, లేదు. మావోరీలకు పార్లమెంటులో ప్రత్యేక స్థానాలు 1867 చట్టంతో వచ్చాయి: నాలుగు. అప్పుడు ఐరోపా సంతతి వారికి 72. జనాభా లెక్కన మావోరీలకు 14 నుంచి 16 రావాలి. తాత్కాలికమని అయిదేళ్లకు పెట్టినవి శాశ్వతమయ్యాయి, కానీ ఆ నాలుగు మాత్రం 1990ల దాకా నాలుగుగానే ఉండిపోయాయి. మావోరీ ఓటర్లలో ఎందరు సాధారణ జాబితా కాకుండా మావోరీ జాబితాను ఎంచుకున్నారన్న దాన్నిబట్టి సంఖ్య మారే పద్ధతి వచ్చాక 1996లో అయిదు, 2002కు ఏడు అయ్యాయి.

అభ్యాసం: ఇదే కాగితం వెనక మళ్లీ గీత గీయండి. ఒకవైపు 1867 ఏర్పాటు, రెండోవైపు 1996 తర్వాతిది. స్థానాల సంఖ్య ఎవరి చేతిలో ఉందో రెండు గడుల్లోనూ ఒక్కో నామవాచకంతో రాయండి. వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.