మాటల లోతు – 6వ పాఠం: అర్ధరాత్రి

గత పాఠంలో సంధ్యవేళ మాటలు నేర్చుకున్నాం. ఇప్పుడు చీకటి బాగా ముదిరిన వేళకు వద్దాం.

ముందు వర్ణక్రమం. అర్ధచంద్రుడు, అర్ధగోళం అన్న మాటల్లో సగాన్ని చెప్పే ‘అర్ధ’మే ఇక్కడా ఉంది. ‘థ’ ఒత్తు పెడితే అది అర్థశాస్త్రంలోని అర్థమవుతుంది. ‘అర్థరాత్రి’ అచ్చులో ఎంత తరచుగా కనిపించినా మీరు మాత్రం అలా రాయకండి. నిశీథం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది, అక్కడ ‘థ’యే సరి. అర్ధరాత్రం, నిశీథం రెండూ ఒకటేనని అమరకోశం చెబుతుంది. నిశీథిని అంటే మాత్రం మొత్తం రాత్రి.

నడిరేయి తెలుగుదనం నిండిన మాట. నడినెత్తి, నడిసముద్రంలోని ‘నడి’యే ఇది. ‘నట్టనడిరేయి’ అంటే ఆ చీకటి ఇంకా చిక్కబడుతుంది. కవితలో, కథలో ఇది ఎంతో అందగిస్తుంది. వార్తకు అర్ధరాత్రి చాలు.

అపరాత్రి దగ్గర కాస్త ఆగాలి. చాలామంది దీన్ని అర్ధరాత్రికి పర్యాయపదంగా వాడతారు. ‘అర్ధరాత్రి తలుపు తట్టారు’ అంటే సమయం తెలుస్తుంది, అంతే. ‘అపరాత్రివేళ తలుపు తట్టారు’ అంటే రాకూడని వేళ వచ్చారన్న కలవరం కూడా వినిపిస్తుంది. ఆ కలవరం లేని చోట ఈ మాట వాడితే వాక్యం చెడుతుంది.

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడన్న సామెతలో గడియారానికి పనిలేదు. ఎండ జాడే లేని వేళ కావాలి, అందుకే ఈ మాట.

ఇక అసలు చిక్కు తేదీతో. ‘శనివారం అర్ధరాత్రి ఒంటిగంటకు’ అని రాస్తాం. గడియారం ప్రకారం అప్పటికే ఆదివారం. సూర్యోదయంతో రోజు మొదలయ్యే పంచాంగపు లెక్కలో తెల్లవారేదాకా శనివారమే కాబట్టి, మన వాడుకకు బలమైన ఆధారమే ఉంది. అయినా ప్రయాణాల విషయంలో, గడువుల విషయంలో దీన్ని నమ్ముకోవద్దు. ‘శనివారం అర్ధరాత్రి దాటాక, అంటే ఆదివారం ఒంటిగంటకు’ అని విడమరిచి రాయండి. వాక్యం పొడవైనా ఫరవాలేదు, రైలు తప్పిపోదు.

అభ్యాసం: ఒకే సంఘటనను మూడు వాక్యాల్లో రాయండి. ఒకదానిలో అర్ధరాత్రి, ఒకదానిలో నడిరేయి, ఒకదానిలో అపరాత్రి రావాలి. మాట మారినప్పుడు క్రియను కూడా మార్చాలనిపిస్తే మార్చండి. వచ్చే పాఠం వేకువ.